డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి శరీరశాస్త్ర విద్య



కృష్ణ ఒడ్డున, సూగూరేశ్వరస్వామి సన్నిధిలో, బ్రతుకుదెరువుకై వచ్చి దేవసూగూరులో స్థిరపడిన తెలుగువారము మనము. మాది రైల్వేలో గుమాస్తా ఉద్యోగం. చదువు మెట్రిక్‌తో సరి. అటువంటి మేము ఒక వైద్యశాస్త్రజ్ఞుని గూర్చి వ్రాయబూనడానికి ఒక కారణం ఉన్నది.

మా పొరుగింటి అబ్బాయికి నిరుడు వైద్యకళాశాలలో సీటు వచ్చింది. వీధి వీధంతా సంతోషించాము. పదిరోజులకే పెట్టె సర్దుకుని తిరిగివచ్చాడు. శవాన్ని కోసే గదిలో అడుగుపెట్టిన నాటినుండి అన్నం సయించడం లేదనీ, ఆ మందు వాసన ఒంటిని వదలడం లేదనీ, ఇక వెళ్ళననీ కూర్చున్నాడు. వాళ్ళ అమ్మగారు కన్నీళ్ళతో మా ఇంటికి వచ్చి, నచ్చచెప్పమని అడిగారు. మాకు తెలిసిన విద్య వ్యాగన్ల లెక్కే. అయినా ఆ సాయంత్రం అబ్బాయిని కృష్ణ వంతెన కనబడేచోట కూర్చోబెట్టుకుని సుబ్బారావుగారి కథ చెప్పాము. మన పిల్లలందరికీ పనికివస్తుందని దానినే ఇక్కడ వ్రాస్తున్నాము.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథంగారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, తల్లి వెంకమ్మగారు. ఇల్లు పేదది, సంతానం అధికం. బాల్యంలో ఈయనకు చదువు మీద ధ్యాస తక్కువ. కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలని ఇల్లు విడిచి బయలుదేరగా, వెతికి వెనుకకు తెచ్చారని చెప్పుకుంటారు. మెట్రిక్ పరీక్ష రెండుమార్లు తప్పి, మూడవసారి చెన్నపట్టణం హిందూ హైస్కూలు నుండి గట్టెక్కారు. పరీక్ష తప్పిన పిల్లవానిని ఇంట్లో చిన్నబుచ్చే పెద్దలు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ ముగించి, సన్యాసం పుచ్చుకోవాలని తలచారు. తల్లి ఒప్పుకోలేదు. సేవ చేయాలంటే వైద్యం చదవమని రామకృష్ణ మఠంవారు హితవు చెప్పగా, మద్రాసు వైద్యకళాశాలలో చేరారు. మిత్రుల సహాయమూ, తరువాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి ధనమూ ఆ చదువును నడిపించాయి.

ఆ కళాశాల 1835లో పాఠశాలగా మొదలైనది. మరుసటి సంవత్సరం, 1836లో, కలకత్తాలో పండిత మధుసూదన గుప్తగారు పాశ్చాత్య పద్ధతిలో శవాన్ని కోశారు. శవాన్ని ముట్టుకుంటే స్నానం చేయవలసిన ఆచారం గల దేశంలో అది పెద్ద సాహసం. అయితే ఆ పని మన పెద్దలకు తెలియనిది కాదు. శవాన్ని గడ్డితో చుట్టి, పంజరంలో ఉంచి, ప్రవాహంలో మరుగైన చోట ఏడు రాత్రులు నానబెట్టి, ఆపైన వట్టివేళ్ళ కుంచెతో మెల్లగా రుద్దుతూ చర్మం మొదలు ఒక్కొక్క పొరనూ కంటితో చూడాలని సుశ్రుతుడు విధించాడు. చూడనివాడు శస్త్రం పట్టరాదని ఆయన మతం. నడుమ ఎన్నో శతాబ్దాలు శ్లోకం మిగిలింది, చూపు పోయింది.

సుబ్బారావుగారివలెనే ప్రతి వైద్య విద్యార్థీ ఆ చూపును మొదటి సంవత్సరంలోనే సంపాదించుకోవాలి. ఒక బల్ల, దానిపై ఒక శవం, చుట్టూ కొందరు పిల్లలు. ఒకరు పుస్తకం చదువుతుంటే మరొకరు కత్తి పట్టాలి. చర్మం క్రింద కొవ్వు, కొవ్వు క్రింద పలుచని పొర, దాని క్రింద కండ. పుస్తకంలో ధమనికి ఎరుపు, సిరకు నీలం, నరానికి పసుపు రంగు వేసి ఉంటాయి. బల్లమీది శరీరంలో ఆ రంగులుండవు. అన్నీ ఇంచుమించు ఒకే వన్నెలో ఉంటాయి. వేలితో తడిమి, గట్టిగా త్రాడువలె తగిలినది నరమనీ, బోలుగా నలిగినది రక్తనాళమనీ గ్రహించాలి. తొందరపడి కోస్తే వెతుకుతున్న నరమే తెగిపోతుంది. మనిషి శరీరంలో ఎముకలు 206, కండరాలు 600కు పైన. ప్రతి కండరం ఏ ఎముకనుండి బయలుదేరి ఏ ఎముకను పట్టుకున్నదో తెలిస్తేనే అది ఏమి పని చేస్తుందో తెలుస్తుంది. మా రైల్వే భాషలో చెప్పాలంటే, బండి ఎక్కడ బయలుదేరి ఎక్కడ చేరుతుందో తెలియకుండా టిక్కెట్టు వ్రాయలేము.

ఆ బల్లమీద పడుకున్నది ఎవరు? ఈ రోజులలో తమ శరీరాన్ని తామే దానమిచ్చే పుణ్యాత్ములున్నారు. ఆనాడు చాలామట్టుకు నా అన్నవారు లేక ఆసుపత్రిలో కన్నుమూసిన బీదలే. ఊరుగాని ఊరిలో బ్రతికే మనకు ఆ మాట కొంచెం గుచ్చుకుంటుంది. పేరు లేని అటువంటి మనిషే వైద్యునికి మొదటి గురువు.

గాంధీగారి పిలుపు విని సుబ్బారావుగారు ఖద్దరు కట్టారు. శస్త్రచికిత్స గదిలో కూడ ఖద్దరు అంగీయే తొడిగారు. శస్త్రచికిత్సాచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్ దొరకు కోపం వచ్చింది. పరీక్షలు చక్కగా వ్రాసినా ఎం.బి.బి.ఎస్. ఇవ్వక, తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా ఇచ్చారు. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం కూడ దొరకలేదు.

అప్పుడు ఆయనను ఆదుకున్నది శవాల గదిలో నేర్చిన విద్యయే. డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారు చెన్నపట్టణంలో నడిపే ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్ర ఉపన్యాసకులుగా చేరారు. ఆయుర్వేదం చదివే విద్యార్థి ముందు రెండు లెక్కలుంటాయి. సుశ్రుతుడు ఎముకలు 300 అంటాడు; బల్లమీద లెక్కిస్తే 206. సుశ్రుతుడు దంతాలనూ, మెత్తని మృదులాస్థులనూ కూడ ఎముకలలో చేర్చాడని తెలిస్తే తగవు చాలావరకు తీరుతుంది. పుస్తకాన్నీ, శరీరాన్నీ ప్రక్కప్రక్కన పెట్టి చూడగలవాడే ఇటువంటి చోట బోధించగలడు. పట్టాలో ఒక అక్షరం తక్కువైనా చేతిలో విద్య తక్కువ కాలేదు.

కొద్దిరోజుల తేడాలో ఇద్దరు సోదరులు గ్రహణి జబ్బుతో పోయారు. ఆ వ్యాధికి మందు కనిపెట్టాలనే పట్టుదల అప్పుడే మొదలైనదంటారు. కాకినాడ మల్లాడి సత్యలింగనాయకర్ ధర్మసంస్థవారూ, మామగారూ ధనసహాయం చేయగా, అమెరికాలో బోస్టన్ నగరం చేరారు. భార్య శేషగిరిగారు ఇక్కడనే ఉండిపోయారు. ఆయన మరల స్వదేశానికి రాలేదు. ఎల్.ఎం.ఎస్. పట్టాను అక్కడ లెక్కచేయనందున, ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు ఎత్తి పొట్టపోసుకుంటూ హార్వర్డులో చదివారు.

ఇక్కడ ఒక విశేషం గమనించాలి. శవంలోని కండరం ఎక్కడ అతుక్కున్నదో చెప్తుంది గాని, బ్రతికిన కండరం ఏ శక్తితో ముడుచుకుంటుందో చెప్పదు. సుబ్బారావుగారు కత్తి ఆగిపోయిన ఆ చోటు దాటి ముందుకు వెళ్ళారు. ఫిస్కేగారితో కలిసి 1925లో, నీలిరంగు గాఢతనుబట్టి శరీరద్రవాలలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఆ కొలతతోనే 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని కనుగొన్నారు. కండ పనిచేసి అలసినప్పుడు అది తరుగుతుంది, విశ్రాంతిలో మరల చేరుతుంది. 1929లో, జర్మనీలో లోమన్ కనుగొన్న సంవత్సరమే, ఏ.టి.పి. అనే శక్తిపదార్థాన్ని కండరంలో గుర్తించారు. బరువు మోసే కూలి భుజంలోనూ, కలం పట్టిన మా వ్రేళ్ళలోనూ ఖర్చయ్యేది అదే.

1940లో లెడర్లే సంస్థలో చేరారు. అక్కడ ఆయన నాయకత్వంలో ఫోలిక్ ఆమ్లం తయారైనది. అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బుకే అది మందైనది. మన కోస్తా జిల్లాలను పీడించిన బోదకాలుకు హెట్రజాన్, పిల్లల రక్తపు క్యాన్సర్‌కు అమినోప్టెరిన్, అనేక అంటువ్యాధులకు ఆరియోమైసిన్ ఆయన పర్యవేక్షణలోనే వెలువడ్డాయి. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయస్సులో, న్యూయార్కులో నిద్రలోనే కన్నుమూశారు. 1995లో మన ప్రభుత్వం ఆయన పేరిట తపాలాబిళ్ళ వెలువరించింది.

కథ ముగిసేసరికి వంతెనమీద బండి దాటిపోయింది. అబ్బాయి చాలాసేపు మాటాడలేదు. తరువాత, ఆ బల్లమీది మనిషికి ఇంటివారెవరూ లేరా అని అడిగాడు. ఇప్పుడు నీవున్నావు గదా అన్నాము. మరునాడు ఉదయం బండికి టిక్కెట్టు మేమే తీసి ఇచ్చాము. ఈ ఉగాదికి సెలవుల్లో వచ్చి, తన చేతి ఎముకలను ఒక్కొక్కటిగా తడుముతూ వాళ్ళ అమ్మగారికి పేర్లు అప్పజెప్పాడు. ఆమెకు ఒక్కటీ అర్థం కాలేదు. అయినా చివరివరకూ విన్నారు.