రాజసభ నుండి ప్రజాసభకు: విష్ణు దిగంబర పలుస్కర్

బడి వార్షికోత్సవములో ఒక బాలుడో బాలికయో వేదికనెక్కి పాడితే, చూడవచ్చిన తల్లిదండ్రులు మురిసిపోవటము నేడు సామాన్య విషయము. నూట పాతికేండ్ల క్రిందట ఉత్తర హిందూదేశములో అది సామాన్యము కాదు. మేలైన సంగీతము వినవలెనంటే రాజుగారి కొలువులోనో, ధనవంతుని మేడలోనో చోటు దొరకవలెను. పాడినవానికి శాలువ దొరికేది గాని, పెద్దల పంక్తిలో పీట దొరికేది కాదు. మర్యాదస్థుల పిల్లలు గాయకులగుట వంశమునకు మచ్చ యని తలచేవారు. అంటే, విద్వాంసునికి గౌరవము లేదు. సామాన్యునికి సంగీతము లేదు. ఈ రెండు లోపములు ఒకే రోగము యొక్క లక్షణములని గుర్తించి, దానికి చికిత్స చేయబూనిన మహనీయుడు పండిత విష్ణు దిగంబర పలుస్కర్.

ఆయన 1872 ఆగస్టు 18వ తేదీన మహారాష్ట్రములోని కురుంద్వాడ్ అనే చిన్న సంస్థానములో జన్మించినారు. మన తెలుగు నేలను తడిపే కృష్ణానది ఆ ఊరి చెంతనే ప్రవహిస్తుంది. తండ్రి దిగంబర గోపాల పలుస్కర్ కీర్తనకారుడు. దేవాలయములలో భగవత్కథలను పాటలతో చెప్పేవాడు. కనుక ఊరంతా కూర్చుండి వినే పాట ఎట్లుండునో ఆ బాలుడు పసితనముననే ఎరిగినాడు. కాని ఒక ఉత్సవ సమయమున బాణసంచా ముఖము మీద పేలి, కన్నులు దెబ్బతిన్నవి. చూపు చాలవరకు పోయినది. బడిచదువు ఆగిపోయినది. కన్నులు చేయలేని పనిని చెవులు చేయవచ్చునని పెద్దలు తలచి, సంగీతము వైపు మళ్ళించినారు. మిరజ్ సంస్థానాధిపతి ఆదరణతో ఆ బాలుడు బాలకృష్ణబువా ఇచల్‌కరంజీకర్ వద్ద శిష్యుడుగా చేరినాడు. గ్వాలియర్ సంప్రదాయపు ఖయాల్ గానమును మహారాష్ట్రమునకు తెచ్చిన ఆచార్యుడాయన.

గురుకులవాసము కఠినమైనది. గురువు ఇంటి పనులు చేయవలెను. ఆయన మనసు కలిగినపుడు చెప్పినది పట్టుకొనవలెను. రేయింబవళ్ళు సాధన చేయవలెను. విష్ణు దిగంబరులు ఓర్పుతో అన్నియు చేసినారు. ఆ దినములలో జరిగిన ఒక సంఘటన ఆయన జీవితమును మలుపు త్రిప్పినదని చెబుతారు. మిరజ్‌లో ఒక వేడుకకు రాజాశ్రితుడైన ఆ యువకునికి ఆహ్వానము వచ్చినది. గురువునకు మాత్రము రాలేదు. కారణమడుగగా, ఆయన పాటగాడే గదా యనే భావము బయటపడినది. తాను శిరసు వంచి నమస్కరించే గురువు లోకము దృష్టిలో ఇంతటి అల్పుడా యని శిష్యుని మనస్సు గాయపడినది. ఆ గాయము ఎన్నటికి మానలేదు. సంగీతమునకు సంఘములో తలయెత్తుకొని నిలిచే స్థానము సంపాదించటమే తన పనియని ఆయన నిశ్చయించుకొన్నారు.

1896లో ఆయన మిరజ్ విడిచి దేశాటనము ప్రారంభించినారు. బరోడా, గ్వాలియర్ మొదలైన ఆస్థానములలో పాడి సన్మానములు పొందినారు. కొలువులో కుదురుకొనుటకు అవకాశము లేకపోలేదు. కాని కాఠియావాడు ప్రాంతములో ఆయన చేసిన పని ఆ కాలమునకు క్రొత్తది. బహిరంగముగా కచేరి ఏర్పాటు చేసి, స్వల్ప మూల్యమునకు టిక్కెట్టు పెట్టినారు. ఆ చిన్న కాగితపు ముక్క విలువ చూడండి. దానిని కొన్నవాడు ఎవరి దయా లేకుండా వచ్చి కూర్చుండవచ్చును. పాడేవాడు ఏ ఒక్క ప్రభువు ముఖము చూడనక్కరలేకుండా పాడవచ్చును. శ్రోతకు, గాయకునకు ఒకే దెబ్బతో స్వాతంత్ర్యము వచ్చినది.

ఈ ఆలోచనకు స్థిరరూపమీయవలెనని ఆయన దూరముననున్న లాహోరు చేరినారు. 1901 మే 5వ తేదీన అక్కడ గాంధర్వ మహావిద్యాలయమును స్థాపించినారు. రాజపోషణ మీద గాక, ప్రజల చందాల మీద, కచేరీల రాబడి మీద నడచిన తొలి సంగీత విద్యాలయములలో అది ఒకటి. పాఠ్యక్రమము, తరగతులు, పరీక్షలు, పట్టములు ఏర్పడినవి. గురువు కంఠమునుండి తప్ప మరెక్కడను దొరకని విద్యను గ్రంథస్థము చేయుటకై ఆయన ఒక స్వరలిపిని కల్పించి, చిన్నపిల్లల వాచకములు మొదలు ఎన్నో పుస్తకములు ప్రకటించినారు. స్త్రీలకు కూడ ఆ సంస్థలో బోధన జరిగినది. కుటుంబ స్త్రీ పాడుట తప్పని తలచే దినములలో అది చిన్న సాహసము కాదు.

విద్యార్థులలో కొందరిని ఆయన తన వద్దనే ఉంచుకొని, అన్నవస్త్రములిచ్చి, ఏండ్ల తరబడి ఉపాధ్యాయులుగా తయారుచేసినారు. పేదరికము వలన విద్య ఆగరాదనేది ఆయన పట్టుదల. ఈ బాలురు నాలుగు గోడల మధ్య సాధన చేసి ఊరకుండలేదు. ఆయన సభలలో వేదికనెక్కి పాడేవారు, వాద్యములు వాయించేవారు. కచేరి చెప్పిన వేళకు ఆరంభమయ్యేది. శ్రోతలు నిశ్శబ్దముగా, మర్యాదగా వినవలెనని నియమముండేది. ఒకే రాగమును గంటల తరబడి వినే ఓపిక లేనివారి కొరకు చిన్నచిన్న అంశములు, భజనలు, దేశభక్తి గీతములు కూర్చినారు. మొదటిసారి వచ్చిన గుమాస్తా, దుకాణదారు, బడిపిల్లవాడు కూడ అర్థమైనంత వరకు ఆనందించి, మరికొంత తెలిసికొనవలెననే కోరికతో ఇంటికి వెళ్ళవలెను. ఇదియే ఆయన లక్ష్యము. నేర్చేవాడు బెరుకు పోగొట్టుకొన్నాడు. వినేవాడు రుచి నేర్చుకొన్నాడు.

1908లో ఆయన బొంబాయిలో విద్యాలయ శాఖను తెరచినారు. శిష్యులు పెరిగినారు. స్వంత భవనము, ముద్రణాలయము, వాద్యములు చేసే పనిశాల అమరినవి. వానితో పాటు అప్పులును పెరిగినవి. భవనముకై తెచ్చిన ఋణము తీర్చుటకు పండితులు ఊరూర కచేరీలు చేసి, వచ్చిన ప్రతి రూపాయిని విద్యాలయమునకే ఇచ్చినారు. ఏ ప్రభువునైన ఆశ్రయించియుంటే ఆ భారము తొలగియుండేదేమో. కాని మొదటినుండియు ఆయన ఎంచుకొన్న త్రోవ ప్రజల త్రోవ.

ఆ త్రోవయే ఆయనను జాతీయోద్యమములోనికి నడిపినది. కాంగ్రెసు మహాసభలలో ఆయన వందేమాతరము పాడటము పరిపాటి అయినది. 1923 డిసెంబరులో మన కాకినాడలో జరిగిన మహాసభకు కూడ ఆయన వచ్చినారు. సభాధ్యక్షుడు మౌలానా మహమ్మదాలీ మతకారణమున గానమునకు అభ్యంతరము చెప్పగా, పండితులు ఆగక గీతమును పూర్తిచేసినారు. అందరిని ఒకచోట చేర్చవలసిన పాట గూర్చియే భేదము పుట్టగలదని ఆనాటి సభ చూచినది. మరియొక ప్రక్క ఆయన శిష్యుడు నారాయణ మోరేశ్వర ఖరే సబర్మతి ఆశ్రమములో నిలచి, ప్రార్థనలకు స్వరము కూర్చి, సంగీతమెరుగని వందలమంది చేత కలసి పాడించినాడు. 1930లో గాంధీజీ దండికి నడచినపుడు ఆ జట్టులో ఖరే కూడ ఉన్నాడు. రఘుపతి రాఘవ భజనకు నేడు దేశమంతట వినిపించే వరుస విష్ణు దిగంబరులదేనని ప్రసిద్ధి.

ఆయన కృషిలో కొరతలు లేకపోలేదు. సంగీతమునకు మర్యాద తేవలెననే తపనలో శృంగార రచనలను ప్రక్కకు నెట్టి, భక్తి రచనలకే పెద్దపీట వేసినారు. తరతరములుగా ఆ విద్యను కాపాడిన ముస్లిం ఉస్తాదులకు, వృత్తిగాయనులకు ఆ క్రొత్త ఇంటిలో తగినంత చోటు కలుగలేదని చరిత్రకారులు నేడు విమర్శిస్తున్నారు. ఆ విమర్శ విస్మరింపదగినది కాదు. ఒక తలుపు తెరచినవాడు అన్ని తలుపులను తెరవలేకపోవచ్చును. మిగిలినవి తెరచుట తరువాతివారి విధి.

చివరి దినములు కష్టముతో గడచినవి. 1920ల నడుమ అప్పులవారు న్యాయస్థానమునకెక్కగా, ఆయన ప్రాణప్రదముగా చూచుకొన్న బొంబాయి భవనము వేలమైపోయినది. ఇంట పుట్టిన పన్నెండుగురు బిడ్డలలో పదకొండుగురు చిన్నతనముననే కన్నుమూసినారు. ఆయన విరక్తుడై, కాషాయము ధరించి, నాసిక్‌లోని రామనామాధార ఆశ్రమములో తులసీదాసు రామాయణమును గానము చేస్తూ కాలము గడపినారు. 1931 ఆగస్టు 21వ తేదీన, తాను విద్య నేర్చిన మిరజ్‌లోనే తనువు చాలించినారు.

భవనము పోయినది గాని విద్యాలయము పోలేదు. అది శిష్యుల రూపమున నడచిపోతూనే ఉన్నది. ఆయన మరణించిన ఏడాదిలోనే శిష్యులు అహమ్మదాబాదులో సమావేశమై గాంధర్వ మహావిద్యాలయ మండలమును స్థాపించినారు. వినాయకరావు పట్వర్ధన్ 1932లో పూనాలో విద్యాలయము తెరచినాడు. ఓంకారనాథ్ ఠాకూర్ కాశీ హిందూ విశ్వవిద్యాలయములో సంగీత శాఖకు తొలి అధిపతి అయినాడు. బి.ఆర్. దేవధర్ బొంబాయిలో పాఠశాల నడపి, కుమార గంధర్వుని వంటి మేధావిని తీర్చిదిద్దినాడు.

మిగిలిన ఒక్క కుమారుడు దత్తాత్రేయునికి తండ్రి పోయేనాటికి పదేండ్లు. తండ్రి వద్ద పూర్తిగా నేర్చే భాగ్యము ఆ బాలునికి లేకపోయినది. అపుడు వినాయకరావు పట్వర్ధన్, నారాయణరావు వ్యాస్ మొదలైన శిష్యులు గురుపుత్రుని చేరదీసి, గురువు తమకిచ్చిన దానిని అతనికి అందించినారు. డి.వి. పలుస్కర్‌గా ప్రసిద్ధుడైన ఆ యువకుడు 1955లో, ముప్పదినాలుగవ ఏట మరణించే లోపలనే, తన మధుర కంఠముతో దేశమంతటిని అలరించినాడు. విద్యను దాచుకొనక పంచిపెట్టిన తండ్రికి, ఆ పంచిన విద్యయే తన బిడ్డ చెంతకు తిరిగివచ్చి ఋణము తీర్చినది.