చీటీ రాసిచ్చినా జవాబు రాలేదు

సభలో ప్రశ్న అడిగినవాణ్ణి పోలీసులు రెక్కపట్టి ఈడ్చెయ్యడం మన కూలీలకు కొత్త కాదు. పెద్దలొచ్చిన రోజున కూలిరేట్ల సంగతో, ఇళ్ళస్థలాల సంగతో ఎత్తితే చాలు, సభకు భంగం కలిగించాడని కేసు. ఇది మన దగ్గర పుట్టిన విద్య కాదు. నూరేళ్ళకు పైబడి కిందట ఇంగ్లండులో ఒక నూలుమిల్లు కూలి ఇదే అనుభవించింది. ఆమె పేరు ఆనీ కెన్నీ.

1879లో ఓల్డ్‌హాం పట్నం పక్కన స్ప్రింగ్‌హెడ్ అనే పల్లెలో పుట్టింది. పెద్ద సంసారం, చాలీచాలని కూలి. పదేళ్ళకే మిల్లులో పెట్టారు. సగం రోజు మిల్లు, సగం రోజు బడి. అప్పటి చట్టమే దీనికి ఒప్పుకునేది. చీకటితో లేచి మిల్లుకు పోయిన పిల్ల మధ్యాహ్నం బడిలో కూచుంటే చదువేం ఎక్కుతుంది? పదమూడేళ్ళకు ఆ బడీ పోయింది. తెగిన పోగులు అతకడం, కండెలు మార్చడం ఆమె పని. గిర్రున తిరిగే కండె ఒక వేలు తెంపుకుపోయింది. అయినా మానలేదు, మానితే తిండేదీ? అలా పదిహేనేళ్ళు గడిచాయి. ఆ మిల్లులోనే యూనియన్ పనిలోకి దిగింది.

1905లో పాంఖర్స్ట్ కుటుంబపు ఆడవాళ్ళతో పరిచయమైంది. ఆడవాళ్ళకు ఓటు హక్కు కోసం వాళ్ళు సంఘం పెట్టి ఉన్నారు. ఆ ఏడాది అక్టోబరు 13న మాంచెస్టరు ఫ్రీ ట్రేడ్ హాల్లో లిబరల్ పార్టీ పెద్ద సభ. రేపోమాపో అధికారం వాళ్ళదే అని అందరికీ తెలుసు. వక్త సర్ ఎడ్వర్డ్ గ్రే. వేలిడిన మిల్లు కూలి ఆనీ, లాయరు చదువు చదువుతున్న క్రిస్టబెల్ పాంఖర్స్ట్ ఇద్దరూ జనంలో కూచున్నారు.

అరవడానికి రాలేదు వాళ్ళు. ఉపన్యాసం అయ్యేదాకా ఆగారు. మగవాళ్ళు అడిగినవాటికి జవాబులు వచ్చాయి. అప్పుడు ఆనీ లేచి, మీ ప్రభుత్వం వస్తే ఆడవాళ్ళకు ఓటిస్తుందా అని అడిగింది. వేదిక మీద ఎవరూ నోరు విప్పలేదు. పక్కనున్న మగవాళ్ళు ఆమెను కుర్చీలోకి లాగేశారు. క్రిస్టబెల్ లేచి అదే ప్రశ్న వేసింది. హాలంతా గోల. పోలీసు పెద్దాఫీసరు దిగి వచ్చి, కాగితం మీద రాసిస్తే తానే అందజేస్తానన్నాడు. రాసిచ్చారు. సంఘటితులైన తొంభయ్యారు వేల మంది ఆడ నూలుకూలీల తరఫున అడుగుతున్నానని ఆనీ అందులో చేర్చింది. చీటీ వేదిక మీద చేతులు మారింది. చదివినవాళ్ళు నవ్వుకున్నారు. జవాబు రాలేదు. ఆనీ కుర్చీ ఎక్కి మళ్ళీ అడిగింది. ఇక పార్టీ వాలంటీర్లు, మఫ్టీ పోలీసులు కలిసి ఇద్దర్నీ ఈడ్చుకెళ్ళి బయట పడేశారు.

ఇక్కడ ఒక సంగతి చూడండి. పోలీసాఫీసరు చెప్పిన పద్ధతినే వాళ్ళు పాటించారు. పద్ధతి తప్పింది వేదిక మీదివాళ్ళు. దెబ్బలు మాత్రం కిందివాళ్ళకు!

బయట వీధిలో నిలబడి జనానికి జరిగింది చెప్పబోతే దారికి అడ్డమని అరెస్టు చేశారు. క్రిస్టబెల్ పోలీసు మీద ఉమ్మింది. అరెస్టయితేగాని పేపర్లు రాయవని ఆమె ఎత్తు. జుల్మానా కట్టం, జైలుకే పోతామన్నారు. ఆనీకి మూడు రోజులు, క్రిస్టబెల్‌కు ఏడు రోజులు. అప్పటిదాకా పట్టించుకోని పేపర్లు మర్నాటి నుంచి వాళ్ళను తిడుతూ రాశాయి. తిట్టినా రాశాయి కదా, సంఘం పేరు దేశమంతా తెలిసింది.

ఆ హాలు కట్టిన నేల చరిత్ర కూడా చెప్పుకోవాలి. అది సెయింట్ పీటర్స్ మైదానం. 1819 ఆగస్టు 16న ఓటు హక్కు కోసం అక్కడ సుమారు అరవై వేల మంది కార్మికులు, చేనేతవాళ్ళు, ఆడా మగా పిల్లలతో సహా సభ జరుపుకుంటే, గుర్రపు దండు కత్తులు దూసి మీద పడింది. పదిహేను మందికి తక్కువ కాకుండా చచ్చిపోయారు. వందలమంది గాయపడ్డారు. జనం సభ పెట్టుకుంటే సభే నేరం, దొరలు సభ పెడితే జనం అడిగే ప్రశ్న నేరం.

ఆ తర్వాత లిబరల్ మంత్రుల సభలకు ఆడవాళ్ళను రానివ్వడం మానేశారు. మానేస్తే ఆగుతారా? ఆనీ 1907 నుంచి బ్రిస్టలు కేంద్రంగా పనిచేసింది. 1909లో ఆ ఊళ్ళో మంత్రి సభకు ముందే ఇద్దరు ఆడవాళ్ళు హాల్లోని పెద్ద ఆర్గన్ వాద్యంలో దూరి దాక్కుని, ఉపన్యాసం మధ్యలో అక్కణ్ణించే నినాదాలిచ్చారు. సభల్లో భంగం కలిగించడాన్ని నేరం చేస్తూ ప్రభుత్వం 1908లోనే చట్టం తెచ్చింది. 1910 నవంబరు 18న పార్లమెంటుకు రాయబారం పోయిన మూడొందల మంది స్త్రీలను పోలీసులు గంటల తరబడి కొట్టారు, నానా అవమానాలూ చేశారు. నూటికి పైగా అరెస్టులు చేసి మర్నాడు కేసులు ఎత్తేశారు. కేసు నడిస్తే పోలీసుల బండారం కోర్టులో బయటపడేది మరి. అప్పటి హోంమంత్రి చర్చిల్.

1912లో క్రిస్టబెల్ పారిస్ పారిపోయాక లండన్ బాధ్యత ఆనీ మీద పడింది. 1913లో పద్దెనిమిది నెలల శిక్ష వేశారు. ఆమె నిరాహారదీక్ష పట్టింది. నీరసించిన ఖైదీని వదలడం, కాస్త కోలుకోగానే మళ్ళీ పట్టుకోవడం, దానికి ఆ ఏడాదే ఒక చట్టం చేశారు. జనం దానికి పిల్లీ ఎలుకా చట్టమని పేరు పెట్టారు. ఆమె బయటికొచ్చి సభల్లో కనబడేది, పోలీసులు మళ్ళీ లాక్కుపోయేవాళ్ళు.

ఆమె అన్ని పనులనూ మేం మెచ్చుకోం. 1914లో యుద్ధం రాగానే సంఘం నాయకత్వం సామ్రాజ్యవాదుల పక్షాన నిలిచింది, ఆనీ కూడా వాళ్ళ వెంటే నడిచింది. లండన్ తూర్పు పేటల కూలి స్త్రీలతో ఉన్న సిల్వియా పాంఖర్స్ట్ యుద్ధాన్ని వ్యతిరేకించింది. ఆమెను అంతకుముందే సంఘం నుంచి వెళ్ళగొట్టారు. మిల్లులోంచి వచ్చిన మనిషి ఆ చీలికలో సిల్వియా పక్కన నిలబడకపోవడం మాకు బాధగానే ఉంటుంది.

1918లో ఓటు వచ్చింది. ముప్పై ఏళ్ళు నిండి, ఇల్లో ఆస్తో అర్హత ఉన్న స్త్రీలకే వచ్చింది. మిల్లుల్లో పనిచేసే పడుచు పిల్లలకు రాలేదు. మగవాళ్ళతో సమానంగా ఇరవై ఒక్క ఏళ్ళకే ఓటు 1928లోగాని రాలేదు. ఆనీ చీటీ రాసిచ్చి అప్పటికి ఇరవై మూడేళ్ళు. 1920లో పెళ్ళిచేసుకుని ఆమె రాజకీయాలకు దూరమైంది. 1953లో చనిపోయింది. 2018లో ఓల్డ్‌హాం జనం చందాలు వేసుకుని టౌన్‌హాలు ఎదుట ఆమె విగ్రహం నిలబెట్టారు. మాంచెస్టరులో ఆమెను ఈడ్చేసిన ఆ హాలు ఇప్పుడు హోటలు.