నిశ్శబ్దాన్ని వినిపించిన స్వరకర్త

సంగీతమనగానే రాగం, తాళం, శ్రుతి, లయ మన స్మృతిపథంలో మెదులుతాయి. కేవలం చప్పుడని మనం ఉపేక్షించే ధ్వనులలోను, చివరకు నిశ్శబ్దంలోను సంగీతాన్ని అన్వేషించిన అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్. ఒకే కళాకారుడు ఒకే వాద్యంపై ప్రదర్శించే రచనలకు ఆయన కొత్త దారులు చూపారు.

కేజ్ 1912 సెప్టెంబరు 5న లాస్ ఏంజెలెస్ నగరంలో జన్మించారు. తండ్రి కొత్త పరికరాలను కనిపెట్టే పరిశోధకుడు. యౌవనంలో కేజ్ సుప్రసిద్ధ స్వరకర్త ఆర్నాల్డ్ షోన్‌బర్గ్ వద్ద శిష్యరికం చేశారు. అనేక స్వరాలను ఏకకాలంలో పొందికగా పలికించే హార్మొనీ పాశ్చాత్య సంగీతానికి ప్రాణం. అదే ఆయనకు పట్టుబడలేదు. అది లేనివాని ప్రగతికి గోడ అడ్డుపడుతుందని గురువు హెచ్చరించారు. అయినా సంగీతానికే జీవితాన్ని అంకితం చేస్తానన్న మాటను శిష్యుడు తప్పలేదు.

1940 ప్రాంతంలో సియాటిల్ నగరంలో ఒక నృత్యానికి ఆయన సంగీతం కూర్చవలసివచ్చింది. ఇరుకైన ఆ రంగస్థలంపై తాళవాద్య బృందానికి చోటు లేదు. ఉన్నది పియానో ఒక్కటే. కేజ్ దాని తీగల నడుమ మరమేకులు, బోల్టులు, రబ్బరు ముక్కలు అమర్చారు. పియానోలోనుంచి గంటలు, డప్పులు మోగినట్లు వింతధ్వనులు వెలువడ్డాయి. ఒక్క వాద్యకారుని చేతిలో ఒక బృందమే ఒదిగింది.

కాని ఆయనకు అంతకంటె పెద్ద సందేహం ఎదురైంది. విషాదభావంతో రచించిన కృతిని విని శ్రోతలు నవ్వారు. భావం శ్రోతకు చేరనప్పుడు సంగీతమెందుకు? సరైన సమాధానం దొరకకుంటే రచననే విడిచిపెట్టాలని ఆయన నిశ్చయించుకొన్నారు. ఆ సమయంలో, 1946లో, పాశ్చాత్య సంగీతం అభ్యసించడానికి గీతా సారాభాయ్ న్యూయార్క్ వెళ్లారు. కేజ్ ఆమెకు పాశ్చాత్య సంగీతం నేర్పి, ఆమె నుండి భారతీయ సంగీతం గురించి తెలుసుకొన్నారు. మనస్సును ప్రశాంతపరచి దైవానుభూతికి పాత్రం చేయడమే సంగీత ప్రయోజనమని ఆమె ద్వారా గ్రహించారు. ఆనంద కుమారస్వామి గ్రంథాలు ఆయనకు రససిద్ధాంతాన్ని పరిచయం చేశాయి. శృంగారాది అష్టరసాలు శాంతంవైపు ప్రవహిస్తాయన్న భావనతో 1946-48 మధ్య పియానోకు 16 సొనాటాలు, 4 ఇంటర్లూడ్లు రచించారు. వీటికోసం 45 స్వరాల తీగలకు వస్తువులు అమర్చాలి. మన కావ్యాలలో చదువుకొనే రసదృష్టి ఈ విధంగా అమెరికాలో ఒక పియానోపై పలికింది.

1951లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని శబ్దరహిత గదిలో ప్రవేశించిన కేజ్‌కు అక్కడ కూడ తన శరీరంలోని ధ్వనులు వినిపించాయి. సంపూర్ణ నిశ్శబ్దం లేదని ఆయనకు బోధపడింది. 1952 ఆగస్టు 29న వుడ్‌స్టాక్‌లో డేవిడ్ ట్యూడర్ పియానో ముందు కూర్చుని, మెట్లపై మూత దించి, 4 నిమిషాల 33 సెకన్లపాటు ఒక్క స్వరమూ పలికించలేదు. చెట్లలో గాలి, కప్పుపై చినుకులు, శ్రోతల గుసగుసలే ఆనాటి సంగీతం. కొందరు ఆగ్రహించి లేచిపోయారు. నేడు అది ఆ శతాబ్దపు ప్రసిద్ధ రచనలలో ఒకటిగా నిలిచింది.

1992 ఆగస్టు 12న కేజ్ న్యూయార్క్‌లో కన్నుమూశారు. గురువు సూచించిన గోడను ఆయన దాటలేదు. దాని పక్కనుండి మరొక బాట వేశారు. తనలోని లోపాన్ని గుర్తించి కూడ సాధన మానని వానికి ఆ లోపమే నూతన మార్గదర్శి కాగలదని ఆయన జీవితం చాటుతున్నది.