బజారు నుండి వచ్చిన జ్ఞానము – మార్కో పోలో

మధ్యయుగపు ఐరోపాలో చదువు సన్యాసుల మఠములలోను, క్రొత్తగా వెలసిన విశ్వవిద్యాలయములలోను ఉండెను. పండితుల భాష లాటిను. సామాన్యులకు అది దూరము. అట్టి కాలములో మన తెలుగుదేశమును గూర్చి ఐరోపాకు తెలియజేసిన మార్కో పోలో పండితుడు కాడు, పాదిరి కాడు, వర్తకుడు.

ఆయన 1254లో వెనిస్ నగరమున వర్తక కుటుంబములో జన్మించెను. మోండా మార్కెట్ ఎరిగిన మన సికింద్రాబాదు వారికి అక్కడి రియాల్టో బజారును ఊహించుకొనుట కష్టము కాదు. ఆయన తండ్రి నికోలో, తండ్రి సోదరుడు మఫియో అంతకుముందే మంగోలు చక్రవర్తి కుబ్లాయ్ ఖాన్ సన్నిధికి వెళ్లి వచ్చిరి. క్రైస్తవ మతమును, శాస్త్రములను బోధింపగల నూరుగురు పండితులను పంపవలసినదని ఆ చక్రవర్తి వారి ద్వారా పోపుగారిని కోరెను. అయితే 1268లో పోపు నాలుగవ క్లెమెంటు మరణించగా, దాదాపు మూడేండ్లు ఆ పీఠము ఖాళీగా ఉండెను. 1271లో ఎన్నికైన పదవ గ్రెగరీ ఇద్దరు డొమినికన్ సన్యాసులను మాత్రమే పంపెను. వారును ఆర్మేనియాలో యుద్ధభయముచేత వెనుదిరిగిరి. ముందుకు సాగినవారు ముగ్గురు వర్తకులే. మార్కోకు అప్పటికి పదునేడేండ్లు.

సుమారు 1275లో వారు ఖాన్ కొలువు చేరిరి. పదునేడు సంవత్సరములు అక్కడ గడపి, సముద్రమార్గమున బయలుదేరి 1295లో వెనిస్ చేరుకొనిరి. తరువాత మార్కో యుద్ధములో జెనోవా వారికి చిక్కెను. 1298లో చెరసాలలో ఆయన చెప్పుచుండగా తోడి ఖైదీ రుస్తికెల్లో వ్రాసెను.

ఆ గ్రంథములో తోమా అపొస్తలుని సమాధి ప్రస్తావన కలదు. మన మోటుపల్లి రేవు పేరిట కాకతీయ రాజ్యమును కలదు. అక్కడి వజ్రములను, సాలెగూటివలె సన్నని వస్త్రములను వర్ణించుచు, ఆ దేశము నేలిన రాణి న్యాయవంతురాలనియు, ప్రజలు ఆమెను ప్రేమించిరనియు ఆయన తెలిపెను. ఆ రాణి రుద్రమదేవి. ఆమెను పూర్వపు రాజు భార్యగా తలంచుట ఆయన పొరపాటు. ఆమె గణపతిదేవుని కుమార్తె యని శాసనములు చెప్పుచున్నవి. అయినను, అన్యమతస్థులను విగ్రహారాధకులని వ్రాసిన ఆ కలమే అన్యమతస్థురాలి న్యాయమును మరుగుపరచలేదు. ఇది గమనింపదగినది.

తరువాత పిపినో అను డొమినికన్ సన్యాసి ఆ గ్రంథమును లాటినులోనికి తర్జుమా చేసెను. సన్యాసులు వెళ్లలేకపోయిన దారిని గూర్చి ఒక సన్యాసియే వర్తకుని మాట పండితులకు అందించెను. మార్కో 1324లో మరణించెను. తన బానిసయైన పీటరును విడుదల చేయుమని మరణశాసనములో వ్రాయించెను.

నూరుగురిని అడుగగా ఇద్దరు బయలుదేరి, వారును తిరిగి వచ్చిన సంగతి గురువులమైన మమ్మును హెచ్చరించుచున్నది. మోండా మార్కెట్‌లో తూకము పట్టిన మన సంఘ సహోదరి ప్రతిదినము పలు మతముల పొరుగువారితో మాటలాడును. వారి కష్టమును, వారి న్యాయబుద్ధిని ఆమె ఎరిగినంతగా వేదాంత కళాశాలలో చదివిన మేము ఎరుగము. కాబట్టి సంఘములో బోధించుటయే కాదు, ఆమె చెప్పునది వినుటయు మా పనియే.