రాబర్టు నోబిలు దొరగారి చరిత్రము: ప్రార్థనాఫల విచారము

మంగళగిరి కొండమీద వెలసిన పానకాల నరసింహస్వామికి బెల్లపుపానకము సమర్పించు నాచారము ఆంధ్రదేశమున నెల్లరు నెఱిగినదే. భక్తుడు తెచ్చిన పానకములో సగము స్వామి గ్రహించి, తక్కిన సగము ప్రసాదముగా మరల నొసగునని జనుల విశ్వాసము. ఆ మెట్లెక్కువారిలో సంతానము కోరువారును, వ్యాధినివృత్తి కోరువారును, వ్యాజ్యమున జయము కోరువారును గలరు. ఇచ్చినదానికి ప్రతిఫలము రావలెననుటయే మ్రొక్కులలో పెక్కింటికి ప్రాణము. ఈ భావము మనకు మాత్రమే చెందినది కాదు. నమ్మి యాచించినవానిని పరలోకమందలి తండ్రి వట్టిచేతులతో పంపడను వాగ్దానము క్రైస్తవుల మత్తయి సువార్తలోను లూకా సువార్తలోను గలదు. విశ్వాసముగలవాని మాటకు కొండయే కదలి సముద్రములో పడునని మార్కు సువార్త యింకను దూరము పోవుచున్నది.

ఈ వాగ్దానము సత్యమా? సత్యమైనచో ఏయర్థమున సత్యము? ఇది కేవలము తర్కముచేత తీరు ప్రశ్న గాదు. ఆ మాటను నమ్మి తన యాయువునంతయు పణముగా నొడ్డినవాని చరిత్రను చూచిన గాని దీని లోతు తెలియదు. కృష్ణాతీరమున నట్టివా డొకడుండెను. అతడు బందరులో 24 సంవత్సరములు పాటుపడి అచ్చటనే దేహము చాలించిన రాబర్టు నోబిలు. అతని మతము మనకు సమ్మతము గాకపోవచ్చును. అతని జీవితము మాత్రము మనకు పాఠ్యము.

నోబిలు 1809వ సంవత్సరమున ఇంగ్లండులోని లీస్టరుషైరు మండలమున జన్మించెను. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు మంగళగిరి దిగువ సన్నిధిలో పదునొకండు అంతస్తుల గాలిగోపురమును ముగించిన కాలమదియే. తండ్రి యొక గ్రామమున పాదిరి. రాబర్టు కేంబ్రిడ్జిలోని సిడ్నీ ససెక్సు కళాశాలలో విద్య నభ్యసించి, తండ్రివలెనే గురుత్వమును స్వీకరించెను.

అత డింకను స్వదేశమున నున్న దినములలోనే మన ప్రాంతమున 1832-33 సంవత్సరముల నందన కఱవు సంభవించెను. గుంటూరుసీమలోని అయిదులక్షల జనములో సుమారు లక్షయేబదివేలమంది మడసిరని లెక్కలు తెలుపుచున్నవి. ఆ దినములలో వానకై మ్రొక్కిన మ్రొక్కులకు మితి లేదు, వాన రాలేదు. ఇరువదియేండ్ల పిమ్మట 1852 మొదలు 1855 వఱకు కెప్టెను ఆర్ అను నింజనీరు బెజవాడకును సీతానగరమునకును నడుమ కృష్ణకు ఆనకట్ట గట్టించెను. దాని స్థానముననే 1957లో ప్రకాశము బ్యారేజి వెలసినది. వాన నడిగినవారికి వాన రాలేదు. బ్రతికి మిగిలినవారి బిడ్డలకు కాలువ వచ్చెను. ఆ కాలువయే మ్రొక్కులకు ప్రత్యుత్తరమని కొందఱందురు. కాని చచ్చినవారికి ఆ ప్రత్యుత్తరము చేరలేదని మనము మఱవరాదు.

1841వ సంవత్సరమున నోబిలు, హెన్రీ ఫాక్సు అను మఱియొక యువకునితో గూడి బందరు చేరెను. ఫాక్సు తెలుగు నేర్చి పల్లెలవెంట దిరిగి బోధించుచు, ఆరోగ్యము చెడి, 1848లో ఇంగ్లండున చనిపోయెను. నోబిలు పాఠశాలామార్గము నవలంబించెను. 1843వ సంవత్సరము నవంబరు 21వ తేదీని ఇద్దరు బాలురతో ఆ బడి యారంభమయ్యెను. అత డెన్నడును వివాహమాడలేదు. సెలవు పుచ్చుకొని ఒక్కమాఱైనను స్వదేశమునకు పోలేదు. బందరు వేసవియెండలను, ఉప్పుగాలిని సహించుచు, రుగ్ణదేహముతోనే దినదినమును పాఠము చెప్పుచుండెను. శిష్యులు నోబిలుగారిని భయముతోను, భయమును మించిన గౌరవముతోను చూచెడివారు.

నోబిలు కోరినది యొక్కటే: తెలుగుదేశములోని అగ్రవర్ణముల బాలురు తన బోధచే క్రైస్తవులు కావలెను, వారిమూలమున దేశమంతయు కావలెను. దీనికొఱకే ప్రార్థన, దీనికొఱకే పాఠశాల. బ్రాహ్మణ కుటుంబములు తమ బిడ్డలను పంపుటకు వెనుదీయకుండుటకై, అంత్యజులని లోకమెంచిన జాతుల బాలురను అతడు తన బడిలో చేర్చుకొనలేదు. అతని తోటి మిషనరీలలోనే కొందఱు దీని నాక్షేపించిరి. సర్వజనులకును తండ్రి యొక్కడే యని బోధించు బడి, ఆ తండ్రి బిడ్డలలో కొందఱికి గడప దాటరాని బడి యయ్యెను. భగవంతుని తలుపు తట్టుచున్నవాడు తన తలుపును మూసికొని కూర్చుండుట యెట్టిదో మనము యోచింపవలెను. మనమును ఉపాసనామందిరములలో ఏకేశ్వరుని ప్రార్థించి, ఇంటికి వచ్చి పంక్తిభేదము పాటించినచో నోబిలును తప్పుపట్టు నధికారము మనకు లేదు.

తొమ్మిదియేండ్లవఱకు ఒక్క విద్యార్థియు మతము పుచ్చుకొనలేదు. 1852లో అయినాల భూషణము, మంచాల రత్నము అను నిద్దఱు యువకులు నోబిలును శరణుజొచ్చి క్రైస్తవులైరి. వారిలో నొకడు బ్రాహ్మణుడు, ఒకడు వెలమ. పట్టణ మట్టుడికినట్లుడికెను. జనులు గుంపుగూడి దొర యింటిపైకి పోయిరి. తల్లిదండ్రులు తమ బిడ్డల మాన్పింపగా బడి దాదాపు శూన్యమయ్యెను. ఆ దినములలో నోబిలునకు ప్రార్థన ఫలించెనని సంతోషమా, ఫలించినందువలననే బడి పోయెనని దుఃఖమా? అదే సమయమున ఆ యిద్దఱి తల్లులును తమ కొడుకులు మరల నింటికి రావలెనని తమ తమ దైవములను మ్రొక్కియుందురు గదా! ఒక ప్రార్థన నెరవేరుటయే మఱియొక ప్రార్థన భగ్నమగుట యైనపుడు, సర్వులకును తండ్రియైనవాడు ఎవరి పక్షమున నుండవలెను? వాగ్దానమును అక్షరార్థమున గ్రహించువారు ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలసియున్నది.

కొంతకాలమునకు బాలురు మరల బడికి వచ్చిరి. ఆ యువకు లిరువురును తరువాత పాదిరులైరి. 1855లో జానీ ఆలీ యను మహమ్మదీయ విద్యార్థి క్రైస్తవుడయ్యెను. అటుపిమ్మట మఱికొందఱు. కాని 22 సంవత్సరముల ప్రార్థనకు వచ్చిన ఫలము లెక్కకు మిక్కిలి స్వల్పము. అగ్రవర్ణములు కదలలేదు.

ఇంతలో ఎవ్వరును తలపని చోటునుండి వేఱొక సంగతి జరిగెను. కృష్ణామండలములోని రాఘవాపురమున పగోలు వెంకయ్య యను మాలపెద్ద యుండెను. అతనికి చదువు లేదు. నోబిలు బడిలో అతని కులమువారికి ప్రవేశము లేదు. అతడు గ్రామదేవతల కొలుపులు విడిచి, పేరు తెలియని ఏకేశ్వరుని కొన్నియేండ్లుగా ప్రార్థించుచుండెను. 1859లో డార్లింగు అను మిషనరీని కలిసికొని, ఆ దొర చెప్పిన దేవుడే తాను వెదకుచున్న దేవుడని గ్రహించి, బంధువులతో గూడ క్రైస్తవుడయ్యెను. అతని వెనుక పల్లెపల్లెయు కదలెను. కృష్ణాగోదావరీ మండలములలో తరువాత వేలకొలది పేదజనులు ఆ మార్గమున నడచిరి. నోబిలు ఏ తలుపు నొద్ద కూర్చుండి వేచియుండెనో ఆ తలుపు తెఱవబడలేదు. ఏ తలుపును తాను మూసియుంచెనో దాని వెలుపలినుండి జనము వచ్చెను. దీనిని ప్రార్థనకు ప్రత్యుత్తరమందుమా, ప్రార్థించినవానికి మందలింపందుమా? రెండును గావచ్చును.

ఇక 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ. ఆ రాత్రి పెనుగాలితో సముద్రము పొంగి బందరు పట్టణమును, చుట్టుపట్టుల గ్రామములను ముంచివేసెను. కొండ కదలి సముద్రమున పడునని గ్రంథమున నున్నది. అచ్చట సముద్రమే కదలి జనులపై పడెను. సుమారు 30,000 మంది చనిపోయిరి. నోబిలు బ్రతికెను. అతని సహచరుడగు షార్కీదొర భార్య నడుపుచుండిన బాలికా వసతిపాఠశాలలో అనేక బాలికలు నీటిపాలైరి. ఉదయసాయంకాలములు ప్రార్థనలో చేతులు మోడ్చిన పసిబిడ్డలు వారు. గుడిలో తలదాచుకొన్నవారును, మసీదులో తలదాచుకొన్నవారును, మేడమీద మోకరించినవారును ఆ రాత్రి తమ దైవమును పిలువకుండిరా? నీరు విశ్వాసిని, అవిశ్వాసిని వేఱుపఱుపలేదు.

ఇట్టిచోట సాధారణముగా రెండు సమాధానములు వినబడును. మరణించినవారికి విశ్వాసము చాలలేదనుట మొదటిది. ఆ బాలికల యెదుట ఈ మాట పలుకుటకు నోరాడునా? అది క్రూరము. వారు వేఱొక లోకమున మేలు పొందిరనుట రెండవది. అది ఆశయే గాని ప్రమాణము గాదు. అడిగినది ప్రాణము, ఇచ్చినది వేఱొకటి యైనపుడు అడిగినది లభించెననరాదు.

ఈ విషయమును లెక్కలచేత తేల్పబూనిన పండితులును గలరు. 1872లో ఫ్రాన్సిసు గాల్టను అను నాంగ్లేయశాస్త్రజ్ఞుడు, దేవాలయములలో నిత్యము ఎవరి దీర్ఘాయువునకై ప్రజలు ప్రార్థింతురో ఆ రాజులే సంపన్నవర్గములన్నింటిలో అల్పాయుష్కులుగా నున్నారని చూపెను. 2006లో అమెరికా వైద్యులు గుండెకు శస్త్రచికిత్స పొందిన 1,802 మంది రోగులను పరీక్షించి, ఇతరుల ప్రార్థనవలన ఉపద్రవములు తగ్గలేదని ప్రకటించిరి. తమకొఱకు ప్రార్థన జరుగుచున్నదని నిశ్చయముగా తెలిసినవారికే ఉపద్రవములు కొంచె మెక్కువయ్యెను. ప్రార్థనను ఔషధముగను, వర్తకముగను వాడుకొనువారి కీ లెక్కలు చాలును.

అయినను క్రైస్తవగ్రంథమును నిష్పక్షపాతముగా చదివినవారికి, ఆ వాగ్దానమునకు వ్యాఖ్యానము ఆ గ్రంథముననే దొరకును. తండ్రి యొసగునది మేలైన వస్తువులని మత్తయి వ్రాయగా, అదే సందర్భమున లూకా పవిత్రాత్మ యని వ్రాసెను. అనగా యాచించిన వస్తువు కాదు, యాచించువానిలో కలుగు దివ్యబలము. ఏసు తానే గెత్సేమనే తోటలో ఆ దుఃఖపాత్ర తొలగిపోవలెనని వేడెను, అది తొలగలేదు. తొలగకుండుటకు సమ్మతించు ధైర్యము మాత్రము లభించెను. పౌలు తన దేహబాధ పోవలెనని మూడుమాఱులు వేడెను. బాధ పోలేదు, సహనము వచ్చెను. వాగ్దానము చేసినవానికే అడిగినది దొరకనప్పుడు, అడిగినదెల్ల దొరకునని దానికర్థము చెప్పుట గురువును మించిన శిష్యరికము. రామమోహనరాయలు 1820లో ఏసు నీతిబోధలను అద్భుతకథలనుండి వేఱుచేసి ప్రకటించుటలోని యుద్దేశమును మన మిచ్చట స్మరింపవచ్చును.

ఉప్పెన గడచి యేడాది తిరుగకమునుపే, 1865వ సంవత్సరము అక్టోబరు 17వ తేదీని, నోబిలు బందరులోనే కన్నుమూసెను. అగ్రవర్ణములు క్రైస్తవములో చేరుట అతడు చూడలేదు. నేటికిని అది జరుగలేదు. అక్షరార్థమున చూచినచో అతని ప్రార్థన విఫలము.

కాని అతని బడి నిలిచెను. అతని పేర కళాశాల యయ్యెను. కొంతకాలమునకు, ఉప్పెనకు రెండేండ్లు ముందుగా 1862లో ఆ బందరుననే జన్మించిన రఘుపతి వేంకటరత్నమునాయుడుగారు అందు ఉపాధ్యాయులైరి. ఆయన క్రైస్తవులు కారు, బ్రాహ్మసమాజికులు. ఏకేశ్వరోపాసనను, శీలశుద్ధిని బోధించి ఆయన యెందఱనో యువకులను తీర్చిదిద్దిరి. కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు ఆ కళాశాలలో చదివి, 1910లో బందరున ఆంధ్రజాతీయకళాశాలను స్థాపించిరి. నాయుడుగారే తరువాత కాకినాడలో పిఠాపురము రాజావారి కళాశాల కధ్యక్షులై, నోబిలు వెలుపల నుంచిన జాతుల బాలురకు వసతిగృహ మేర్పఱచి, బాలికలకును కళాశాలలో ప్రవేశము గల్పించిరి. 1939లో నాయుడుగారు గతించువఱకు ప్రార్థన ఆయనకు నిత్యకృత్యము. యౌవనముననే భార్యను గోల్పోయి, మరల వివాహమాడక, జీవితాంతము తెల్లని వస్త్రములే ధరించిన ఆ మహనీయునికి, ప్రార్థనవలన పోయినవారు తిరిగిరారని మనము చెప్పవలసిన పని లేదు. అయినను ఆయన ప్రార్థన మానలేదు.

నోబిలు విత్తిన విత్తనమొకటి, మొలచిన మొక్క యొకటి. అతడు ప్రార్థించినది ఒక మతముయొక్క జయము. దేశమునకు లభించినది విద్య, విచారము, సంస్కారము. ఇది అతని ప్రార్థనకు దైవ మొసగిన ప్రత్యుత్తరమని మనము ప్రమాణము చేయజాలము. అతడు ప్రార్థించి చేతులు ముడుచుకొని కూర్చుండలేదనియు, దినదినమును లేచి పాఠము చెప్పెననియు మాత్రము చెప్పగలము. ప్రార్థన అతనిని లేవనెత్తెను; లేచిన మనుష్యుడు బడిని నిలిపెను; బడి, తాను తలపని కార్యములను చేసెను. నందన కఱవు పిమ్మట ఆనకట్ట కట్టినదియు మనుష్యుల చేతులే గదా.

కావున ప్రార్థనను విడువవలదు. దానిని బేరముగా చేయవలదు. వాన కావలెనన్న చెఱువు త్రవ్వుదము. వ్యాధి పోవలెనన్న వైద్యుని పిలుతము. వ్యాజ్యమున న్యాయము కావలెనన్న సత్యము పలుకుదము. వీనిని చేయుటకు వలయు బలమును, చేసియు ఫలము గానరానినాడు కృంగిపోకుండు ధైర్యమును, మనము మూసియుంచిన తలుపేదియో కనుగొను కన్నులను భగవంతుని యాచింతము. ఈ యాచన చేసి లేచినవాడు, లేచిన వెంటనే పోయి ఆ తలుపు తీయవలెను.