పాల్ మౌజరు చరిత్రము

చేతిపనియే విద్యగా, శ్రమయే మూలధనముగా లోకప్రఖ్యాతి నార్జించిన వారి చరిత్రములు వృత్తిజీవుల బిడ్డలకు మిక్కిలి ప్రోత్సాహకరములు. జర్మనీ దేశీయుడగు పీటర్ పాల్ మౌజరు అట్టి వారిలో నొకడు. ఆయన కల్పించిన సైనిక రైఫిళ్లు లక్షలకొలది లోకమంతట వ్యాపించినవి. ఆ కర్మాగారమునుండియే పౌరులకొరకు స్వల్పసంఖ్యలో వెలువడిన రైఫిళ్లు మాత్రము నేడు సేకరించువారికి అపురూప వస్తువులై యున్నవి.

మౌజరు 1838వ సంవత్సరము జూను 27వ తేదీన వూర్టెంబర్గు రాజ్యమందలి ఓబెర్న్‌డోర్ఫు పట్టణమున జన్మించెను. తండ్రి ఆ యూరి ప్రభుత్వ ఆయుధశాలలో తుపాకులు చేయు పనివాడు. పదుమువ్వురు సంతానములో పాల్ కడగొట్టువాడు. బాల్యముననే ఆ పనిలో ప్రవేశించి, 1859లో నిర్బంధ సైనికసేవకు పోయి లూడ్విగ్స్‌బర్గు ఆయుధాగారమున పనిచేసెను. ఆనాటి సూదితుపాకి లోపములను గమనించి దానిని సంస్కరింప బూనుకొనెను.

అన్న విల్హెల్ము వ్యవహారదక్షుడు, తమ్ముడు యంత్రదక్షుడు. 1867లో నోరిసు అను అమెరికా వర్తకునితో ఒడంబడిక చేసికొని సోదరులిరువురు బెల్జియమునందలి లీజు నగరమునకు తరలిరి. ఆ ఒడంబడిక నిలువలేదు. ఐనను వారు నిరుత్సాహపడక కృషి సాగింపగా, వారి రైఫిలును జర్మనీ సైన్యము 1871లో స్వీకరించెను. దానిని నిర్మించు పని ప్రభుత్వ ఆయుధశాలలకు పోగా, సోదరులకు తొలుత గురిచూచు సాధనములను చేయుపని మాత్రమే దక్కెను. 1874లో, తండ్రి కూలికి పనిచేసిన ఆ ఆయుధశాలనే వారు క్రయమునకు గొనిరి. 1882లో విల్హెల్ము పరలోకగతుడయ్యెను. అటుపై భారమంతయు పాల్ వహించెను.

1887లో తురుష్క ప్రభుత్వమునుండి లక్షలకొలది రైఫిళ్లకు ఆజ్ఞ లభించినది. 1893లో స్పెయిను, 1898లో జర్మనీ ఆయన నూతన రైఫిళ్లను స్వీకరించినవి. 1901లో స్వయముగా తూటా నెక్కించుకొను రైఫిలును పరీక్షించుచుండగా ప్రమాదము జరిగి ఆయన ఒక కన్ను కోల్పోయెను. ఐనను పరిశోధన మానలేదు. 1914 మే 29వ తేదీన స్వగ్రామముననే కాలధర్మము నొందెను. ఆయన రైఫిలు పాల్గొన్న మహాయుద్ధము రెండు మాసముల పిమ్మట ఆరంభమైనది.

ఇక పౌరుల రైఫిళ్ల సంగతి. సైనిక రైఫిళ్లు ఒకే మూసలో పోసినట్లుండును. పౌరులకొరకు చేసినవానిలో గొట్టపు పొడవు, కర్రభాగపు రూపు, గురిసాధనములు కొనువాని యభీష్టము ననుసరించి మారుచుండెను. అందుచేత ఒకదానిని బోలినది మరియొకటి దొరకుట దుర్లభము. జర్మనీ గురిపోటీ సంఘములకై చేసిన వేర్మాను రైఫిలు మరియు చిత్రమైనది. చూపునకు 1898 నాటి సైనిక రైఫిలువలెనే యుండును. తూటా మాత్రము పోటీలకు తగిన వేరు తూటా.

లండనులోని రిగ్బీ సంస్థ మౌజరు యంత్రభాగములతో వేటరైఫిళ్లు కూర్చి విక్రయించెను. 1907లో చంపావత్ ప్రాంతమున మనుష్యభక్షిణియగు ఆడుపులిని చంపిన జిమ్ కార్బెట్టునకు సంయుక్తరాష్ట్రముల లెఫ్టినెంటు గవర్నరు సర్ జాన్ హ్యూయెట్ బహూకరించినది అట్టి రైఫిలే. ఆ సంగతి తెలుపు ఫలకము దానికి తాపబడియున్నది. 2015లో రిగ్బీ సంస్థ దానిని తిరిగి సంపాదించుకొనెను.

సేకరించువారు ప్రప్రథమమున విచారింపవలసినది, చేతికి వచ్చినది పౌరులకై పుట్టిన రైఫిలా, లేక యుద్ధానంతరము కోసి చెక్కి వేటకు మార్చిన సైనిక రైఫిలా యనునది. 1898 నాటి సైనిక రైఫిలునందు తూటాల పట్టీని బొటనవ్రేలితో నొక్కుటకు ఎడమప్రక్క గాడి యుండును. పౌర రైఫిళ్లలో పెక్కింట నది యుండదు. బోల్టుమీది సంఖ్యయు తక్కిన భాగముల సంఖ్యయు సరిపోవలెను. పరీక్షాముద్రలు చెరగకుండవలెను. మెరుగు పెట్టించు నాసక్తితో పాతరంగును గీకించిన చాలును, దాని విలువ నశించును.

ఈ జాగ్రత్త వ్యర్థము కాదు. 1945లో ఓబెర్న్‌డోర్ఫును ఆక్రమించిన ఫ్రెంచి సేన కర్మాగారమును విప్పివేసెను; అచ్చటి లెక్కలపత్రములు నాశనమైనవి. ఎవరికై ఏ రైఫిలును ఎట్లు చేసిరో తెలుపు పుస్తకములు లేనందున, మిగిలిన రైఫిళ్లే పుస్తకములైనవి. ఒక సంఖ్యను రాచివేయుట ఒక పుటను చించుటతో సమానము. మన దేశమున ఇట్టి వస్తువు నుంచుకొనుటకు 1959వ సంవత్సరపు ఆయుధచట్టము ననుసరించి అనుమతి పొందవలెనని మరువరాదు.

పనివాడు గతించినను పని నిలుచును. పనివాని ముద్ర నిలిచిననే వాని పేరు నిలుచును. కావున సంఘీయులును, పోషకమహాశయులును తమ పెద్దలు వాడిన పనిముట్లను, చేసిన వస్తువులను తుక్కుగా విక్రయింపక, చేసినవారి పేరును సంవత్సరమును వ్రాయించి భద్రపరచుదురుగాక.