బెర్నార్డో ఓ హిగ్గిన్స్

బెర్నార్డో ఓ హిగ్గిన్స్ (1778 ఆగష్టు 20 - 1842 అక్టోబరు 24) దక్షిణ అమెరికాలోని చిలీ దేశ స్వాతంత్ర్య పోరాట నాయకుడు. స్పెయిన్ పాలన నుండి చిలీని విముక్తం చేసినవారిలో ప్రముఖుడు. స్పానిష్ మాట్లాడే దేశపు వీరునికి ఐరిష్ ఇంటిపేరు ఉండడం చదువరులకు వింతగా తోస్తుంది. ఆ ఇంటిపేరు ఆయనకు పుట్టుకతో దక్కలేదు.

== జననం, ఇంటిపేరు ==
తండ్రి అంబ్రోసియో ఐర్లండులో పుట్టి, స్పెయిన్ కొలువులో చేరాడు. తరువాతి కాలంలో చిలీ గవర్నరు, పెరూ వైస్రాయి అయ్యాడు. ఆయన కూడా చాలాకాలం హిగ్గిన్స్ అనే రాసుకున్నాడు. ముందున్న "ఓ" అక్షరానికి ఐరిష్ భాషలో మనుమడు, వంశీకుడు అని అర్థం. తల్లి ఇసబెల్ రికెల్మె చిల్యాన్ ప్రాంతపు స్త్రీ. స్పానిష్ అధికారులు స్థానిక స్త్రీలను వివాహమాడాలంటే రాజు అనుమతి అవసరం. ఈ వివాహం జరగలేదు.

బాలుడు తాల్కాలో తండ్రి మిత్రుని ఇంట పెరిగాడు. 1783లో అక్కడ జరిగిన జ్ఞానస్నానం నమోదులో తండ్రి పేరు రాసి, పరువు కోసం తల్లి పేరు దాచారు. అయినా లోకానికి అతడు తల్లి ఇంటిపేరుతోనే బెర్నార్డో రికెల్మెగా తెలుసు.

లిమాలోను, తరువాత ఇంగ్లాండులోను చదువుకున్నాడు. లండనులో వెనెజులా విప్లవకారుడు ఫ్రాన్సిస్కో దె మిరాండాతో పరిచయమై స్వాతంత్ర్య భావాలు నాటుకున్నాయి. ఈ సంగతి తెలిసి తండ్రి ఆగ్రహించాడు. తండ్రీకొడుకులు ఏనాడూ ఒకే ఇంట కలిసి జీవించలేదు. అయినా 1801లో మరణించిన అంబ్రోసియో, దక్షిణ చిలీలోని లాస్ కాంతెరాస్ ఎస్టేటును కుమారునికే వదిలాడు. 1802లో స్వదేశానికి వచ్చిన బెర్నార్డో అప్పటి నుండి ఓ హిగ్గిన్స్ అయ్యాడు. తండ్రి కులీన బిరుదులు మాత్రం, అక్రమ సంతానమన్న కారణంగా, దక్కలేదు.

== పోరాటం, పాలన ==
1811లో తొలి జాతీయ కాంగ్రెసుకు ప్రతినిధి అయ్యాడు. యుద్ధంలో జోసె మిగెల్ కరేరాతో నాయకత్వానికై వైరం ఏర్పడింది. కరేరా పక్షంవారు ఆయనను పాత ఇంటిపేరుతో పిలిచి అవమానించేవారు. 1814 అక్టోబరులో రాంకాగువా వద్ద ఓడి, ఆండీస్ దాటి అర్జెంటీనాలోని మెండోజాకు చేరాడు. అక్కడ జోసె దె సాన్ మార్టిన్‌తో కలిసి సైన్యాన్ని సిద్ధం చేసి, 1817 ఫిబ్రవరి 12న చకబుకో యుద్ధంలో గెలిచాడు. వెంటనే సుప్రీం డైరెక్టరుగా ఎన్నికయ్యాడు. సరిగ్గా ఏడాదికి స్వాతంత్ర్య ప్రకటన వెలువడింది. 1818 ఏప్రిల్ 5న మైపూ విజయం దానిని స్థిరపరచింది.

అధికారానికి వచ్చిన ఏడాదే కులీన బిరుదులను, ఇంటి ముంగిళ్ళలోని వంశ చిహ్నాలను రద్దు చేశాడు. తనకు నిరాకరించిన దానిని ఎవరికీ లేకుండా చేశాడన్నమాట. భూస్వాములకు ఇది కంటగింపయింది. పాలనలో నిరంకుశత్వం కూడా లేకపోలేదు. కరేరా సోదరులు ముగ్గురూ మెండోజాలో మరణశిక్షకు గురికాగా, ఆ నింద కొంత ఆయనపైనా పడింది. 1823 జనవరి 28న పదవి వీడి, పెరూకు వెళ్ళాడు.

== చివరి దశ ==
ఆయన వివాహం చేసుకోలేదు. రోసారియో పూగా ద్వారా డెమెట్రియో అనే కుమారుడు కలిగాడు. మళ్ళీ చిలీ చూడకుండానే లిమాలో మరణించాడు. 1869లో అవశేషాలను స్వదేశానికి తెచ్చారు.

రాంకాగువా రాజధానిగా ఉన్న పరిపాలనా ప్రాంతానికి, శాంటియాగో నగర ప్రధాన వీధికి ఆయన పేరే పెట్టారు. చిలీ, అర్జెంటీనాల సరిహద్దులో ఉన్న ఒక పెద్ద సరస్సును చిలీ వైపు ఓ హిగ్గిన్స్ అని, అర్జెంటీనా వైపు సాన్ మార్టిన్ అని పిలుస్తారు.